పెనుకొండ ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌ని, హెచ్‌ఆర్ డైరెక్టర్ కావాలంటే ఏ దారి పట్టాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అనంతపురంలో ఎంబీఏ హెచ్‌ఆర్ చేశారు. నాలుగేళ్లుగా పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా ఉన్నారు. బెంగళూరులో ఐటీ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే ఒక కన్సల్టెన్సీ ఒకటిన్నర రెట్ల జీతంతో పిలుస్తోంది. ఎప్పటికైనా హెచ్‌ఆర్ డైరెక్టర్ కావాలన్నది మీ కోరిక. దానికి బెంగళూరు వెళ్లాలా, మళ్లీ పెద్ద కాలేజీలో చదవాలా, ఎన్నేళ్లు పడుతుంది, ఆడపిల్లకు ఫ్యాక్టరీ లైను కుదురుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ఇంట్లో డబ్బు ఇబ్బంది లేకపోతే ఈ ఆఫర్ వదిలేయండి. ఇంకో రెండు మూడేళ్లు ఫ్యాక్టరీలోనే ఉండి జీతాల ఒప్పందం, కాంట్రాక్టు లేబర్, క్రమశిక్షణ విచారణ, ఈ మూడు పనులూ మీ చేతుల మీదుగా జరిగేలా చూసుకోండి. ఆ తర్వాత ఊరూ కంపెనీ మారండి. డైరెక్టర్ కుర్చీకి నేను చూసిన దారి ఇదే. పెనుకొండలో మీకు ఉత్తినే దొరుకుతున్న ఈ పని బెంగళూరు ఏసీ గదిలో దొరకదు.

నా సంగతి కూడా చెప్పాలి, నా మాట ఎంతవరకు తీసుకోవాలో మీకే తెలుస్తుంది. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ఎర్రగుంట్ల ప్రాంతంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో మొదలుపెట్టి, ప్లాంటు హెచ్‌ఆర్ మేనేజర్‌నై, తర్వాత వేరే రాష్ట్రాల్లో పనిచేసి, ఇప్పుడు తయారీ రంగంలో ఉన్న ఒక గ్రూపుకు హెచ్‌ఆర్ చూస్తున్నాను. కాబట్టి నా అనుభవమంతా ఫ్యాక్టరీల వైపుది. సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే జీవితమంతా ఉండాలనుకునేవాళ్లకు ఇందులో కొన్ని మాటలు సరిపోవు.

డైరెక్టర్ అంటే ఏ డైరెక్టర్? ఇది ముందు తేల్చుకోవాలి. ఐటీ, మల్టీనేషనల్ కంపెనీల్లో ‘డైరెక్టర్, హెచ్‌ఆర్’ అనేది ఒక గ్రేడు మాత్రమే. ఆయన పైన సీనియర్ డైరెక్టర్, వైస్ ప్రెసిడెంట్ ఉంటారు. కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టర్ అంటే వేరు. బోర్డులో కూర్చుంటారు, డిన్ అనే డైరెక్టర్ గుర్తింపు నంబరు ఉంటుంది, చట్టం ముందు సొంత బాధ్యత ఉంటుంది. ఫ్యాక్టరీ నడిపే కంపెనీ అయితే బోర్డు డైరెక్టర్లలో ఒకరిని ‘ఆక్యుపయర్’గా, అంటే చట్టం ముందు ఫ్యాక్టరీ బాధ్యుడిగా చూపించాలి. ప్రమాదం జరిగితే కేసులో ఆ పేరే ఉంటుంది. మూడోది ప్రభుత్వరంగ సంస్థల్లో డైరెక్టర్ పర్సనల్ పోస్టు. దానికి పబ్లిక్ ఎంటర్‌ప్రైజెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూ చేసి సిఫారసు చేస్తుంది. చాలా ప్రైవేటు కంపెనీల్లో హెచ్‌ఆర్ పెద్ద బోర్డులో ఉండరు. సీహెచ్‌ఆర్‌ఓ (చీఫ్ హ్యూమన్ రిసోర్సెస్ ఆఫీసర్) అనో గ్రూప్ హెడ్ అనో హోదా పెట్టుకుని ఎండీకి నేరుగా రిపోర్ట్ చేస్తారు. మీరు అడుగుతున్నది ఆ కుర్చీ గురించే అనుకుని రాస్తున్నాను.

ఆ కుర్చీలో ఏం పని ఉంటుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. రిక్రూట్‌మెంటు, ట్రైనింగు, పండగ కార్యక్రమాలు కింది టీములే చూసుకుంటాయి. పైన కూర్చున్నవాళ్ల ముందుకు వచ్చేవి వేరే రకం ప్రశ్నలు. ప్లాంటు హెడ్ రేపు మానేస్తే ఎవరున్నారు? కొత్త లైను పెడితే ఎంతమంది కావాలి, ఎంతమంది పర్మినెంటు, ఎంతమంది కాంట్రాక్టు? నష్టాల్లో ఉన్న యూనిట్ మూసేయాలంటే ఎంత పరిహారం, ఎవరి అనుమతి? లిస్టెడ్ కంపెనీ అయితే ఎండీ జీతం మీద నామినేషన్ అండ్ రెమ్యూనరేషన్ కమిటీకి నోటు రాయాలి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు సెబీ నియమాల ప్రకారం ఇచ్చే బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యతల రిపోర్టులో ప్రమాదాలు, జీతాలు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల లెక్కలు ఉంటాయి. అవి తప్పితే అడిగేది మిమ్మల్నే. వీటన్నిటికీ డబ్బు లెక్క తెలియాలి, చట్టం తెలియాలి, కిందిస్థాయి మనుషులు ఎట్లా ఆలోచిస్తారో తెలియాలి. ఈ మూడూ ఒకేచోట నేర్పేది ప్లాంటు.

ఒక సంఘటన చెబుతాను. నేను ప్లాంటులో జూనియర్‌గా ఉన్నప్పుడు ఉగాదికి వారం ముందు ప్యాకింగ్ ప్లాంటులో బస్తాలు లోడు చేసే కాంట్రాక్టు కూలీలు పని ఆపేశారు. కాంట్రాక్టరు రెండు నెలల కూలీ ఇవ్వకుండా ఫోన్‌కు దొరకకుండా పోయాడు. గేటు బయట లారీలు బారు తీరాయి. సిమెంటు నిల్వచేసే సైలోలు నిండిపోతున్నాయి. అవి నిండితే మిల్లు ఆపాలి. ప్లాంటు హెడ్ నన్ను పిలిచి మూడే ప్రశ్నలు అడిగారు: ఎంతమంది, ఎంత డబ్బు, లోడింగ్ ఎన్ని గంటలకు మొదలవుతుంది?

కాంట్రాక్టరు హాజరు పట్టీ తెప్పించి గేటు రిజిస్టరు పక్కన పెట్టి పేరు పేరూ సరిచూశాం. పట్టీలో ఉండి గేటులోంచి ఒక్కరోజూ లోపలికి రాని పేర్లు కొన్ని బయటపడ్డాయి. గేటులోంచి రోజూ వచ్చి పట్టీలో లేని పేర్లూ ఉన్నాయి. అవి ఎక్కువగా సెలవు మీద పోయిన అన్నకు బదులు వచ్చిన తమ్ముళ్లవి. మేస్త్రీని కూర్చోబెట్టుకుని వాటిని ఒక్కొక్కటిగా తేల్చాం. అప్పటి 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే కంపెనీయే కూలీ ఇచ్చి, కాంట్రాక్టరు బిల్లులోంచి మినహాయించుకోవచ్చు. అకౌంట్స్‌లో అతనికి ఇవ్వాల్సిన బిల్లు ఎంత నిలిచి ఉందో చూస్తే కూలీకి సరిపోయేంత ఉంది. ఆ కాగితం పెట్టాక ఫైనాన్స్ మేనేజర్ మారుమాట లేకుండా సంతకం చేశారు. రాత్రి క్యాంటీన్‌లో బల్ల వేసి, వేలిముద్రలు తీసుకుని కూలీ పంచాం. తెల్లారకముందే లోడింగ్ మొదలైంది.

ఇందులో హెచ్‌ఆర్ పుస్తకంలో ఉండే మాట ఒక్కటీ లేదు. అయినా డైరెక్టర్ పని మొత్తం ఇందులో ఉంది. ఎవరికి ఎంత రావాలో నిజంగా తేల్చడం, చట్టం ఎక్కడ దారి ఇస్తుందో తెలిసి ఉండడం, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూపించడం, మాట ఇచ్చిన గంటకు పని జరిగేలా చూడడం. ఆ తర్వాత ప్లాంటు హెడ్ ప్రొడక్షన్ మీటింగులకు కూడా నన్ను పిలవడం మొదలుపెట్టారు. కంపెనీ పెద్దలు హెచ్‌ఆర్ మనిషిని నమ్మేది ఇట్లాంటి రోజుల్లోనే.

జీతాల ఒప్పందం ఒక్కటైనా మొదటినుంచి చివరిదాకా చూడండి. మీ కంపెనీలో యూనియన్ లేకపోయినా వార్షిక పెంపు ఉంటుంది కదా, ఆ ఫైలు అడగండి. పెంపు లెక్క ఎట్లా వేస్తారో చూస్తే ఎవరు మేనేజర్ దగ్గర ఆగిపోతారో, ఎవరు పైకి వెళ్తారో నాకు అర్థమైపోతుంది.

ఉదాహరణకు 400 మంది పర్మినెంటు కార్మికులున్నారు, నెలకు 3,000 పెంచమని డిమాండు వచ్చింది అనుకుందాం. కొత్తగా వచ్చినవాళ్లు 400ను 3,000తో, దాన్ని 12తో గుణించి ఏడాదికి 1.44 కోట్లు అని రాసుకొస్తారు. అది పైపై లెక్క. ఆ 3,000 అంతా బేసిక్‌లో కలిసి, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే కంపెనీ అయితే యాజమాన్యం వాటా 12 శాతం, అంటే ఇంకో 17.28 లక్షలు. 15,000 పరిమితి మీదే కడుతున్న కంపెనీ అయితే, అప్పటికే ఆ పరిమితి దాటినవాళ్ల మీద ఈ భారం పడదు. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన. అంటే బేసిక్‌లో సుమారు 4.81 శాతం, దాదాపు 6.92 లక్షలు. ఇక్కడికే 1.68 కోట్లు దాటింది. ఓవర్‌టైమ్ రెట్టింపు రేటుకు ఇవ్వాలి కాబట్టి అదీ పెరుగుతుంది. వాడుకోని సెలవులకు ఇచ్చే డబ్బూ పెరుగుతుంది.

ఇంతటితో అయిపోలేదు. గ్రాట్యుటీ చివరి జీతం మీద కదా లెక్కకట్టేది. అంటే పాత సర్వీసు మొత్తానికీ కొత్త జీతమే వర్తిస్తుంది. సగటు సర్వీసు 15 ఏళ్లు అనుకుంటే ఈ ఒక్క పెంపు వల్ల ఒక్కొక్కరికి సుమారు 26,000, 400 మందికి కోటి రూపాయలకు పైగా బాధ్యత పెరిగింది. అది ఆ ఏడాది ఖాతాల్లో ఒక్కసారిగా కనిపిస్తుంది. ఈ సంగతి సంతకం కాకముందే కంపెనీ ఫైనాన్స్ పెద్ద సీఎఫ్‌ఓకు చెప్పిన హెచ్‌ఆర్ వాళ్లను కంపెనీ వదులుకోదు. ఒప్పందం అయిపోయాక ఆడిటర్ చెబితే తెలుసుకునేవాళ్లను మళ్లీ ఆ బల్ల దగ్గరికి పిలవరు.

లెక్క ఒకవైపు, మనుషులు ఇంకోవైపు. యూనియన్ నాయకుడు 3,000 అడిగాడంటే ఆయన లోపల అనుకున్నది వేరే అంకె అయి ఉండొచ్చు. ఆయనకు అంకె కన్నా క్యాంటీన్ సబ్సిడీ, పిల్లలకు అప్రెంటిస్ అవకాశం, చనిపోయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ముఖ్యం కావచ్చు. అవి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తెలియవు. షిఫ్టు మారేటప్పుడు టీ బంకు దగ్గర, ఎవరింట్లోనైనా పెళ్లికో చావుకో వెళ్లినప్పుడు తెలుస్తాయి. ఫ్యాక్షన్ల నేల అని మన సీమ గురించి బయటివాళ్లు చాలా మాట్లాడతారు. నా అనుభవంలో ఇక్కడి కార్మికుడికి మాట ఇస్తే నిలబెట్టాలి, అంతే. కాని పనిని చేస్తామని చెప్పి తిప్పుకుంటే మాత్రం అసలు ఒప్పుకోడు. పని కాదని మొహం మీద చెప్పినవాణ్ణి గౌరవిస్తాడు.

వివాదం లేబర్ ఆఫీసరు దగ్గరికి రాజీ చర్చలకు వెళ్తే మీ తరఫున వకీలు వచ్చి మాట్లాడడానికి వీల్లేదు. పారిశ్రామిక వివాదాల చట్టం నాటినుంచీ అదే పద్ధతి. హెచ్‌ఆర్ మనిషే కూర్చుని మాట్లాడాలి. మీ మేనేజర్ ఆ చర్చలకు వెళ్లేటప్పుడు ఫైలు మోయడానికైనా సరే వెంట వెళ్లండి.

క్రమశిక్షణ విచారణ గురించి రెండు మాటలు. చార్జిషీటులో తేదీ, సమయం, స్థలం, జరిగింది స్పష్టంగా రాయాలి. జవాబు చెప్పుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. విచారణ చేసే అధికారి ఫిర్యాదుదారు కాకూడదు. కార్మికుడు తన సాక్షుల్ని తెచ్చుకోవచ్చు, మన సాక్షుల్ని ప్రశ్నించవచ్చు. ఇందులో ఏదైనా తప్పితే నిజంగా తప్పు చేసినవాడు కూడా లేబర్ కోర్టునుంచి ఉద్యోగం, పాత జీతం రెండూ తెచ్చుకుంటాడు. మీ పక్కనే అనంతపురంలో లేబర్ కోర్టు ఉంది. తీర్పులు తెచ్చి చదవండి. ఎక్కడ యాజమాన్యం ఓడిందో, ఏ కాగితం లేక ఓడిందో చూడండి. ఏ ట్రైనింగు ప్రోగ్రాముకన్నా అది మేలు.

ఇప్పుడు మీకు ఇంకో అవకాశం వచ్చింది. 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. జీతం నిర్వచనం మారింది. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా జీతంగానే లెక్కేయాలి. దాంతో తక్కువ బేసిక్, ఎక్కువ అలవెన్సులు పెట్టిన పాత జీతపు పట్టీలన్నీ తిరగరాయాల్సి వస్తోంది. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది. కాంట్రాక్టు లేబర్ నిబంధనలు వర్తించే సంఖ్య 20 నుంచి 50కి పెరిగింది. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు మీతోపాటే కొత్తగా చదువుకుంటున్నారు. రాష్ట్ర నియమాలతో కలిపి ఈ నాలుగు కోడ్‌లూ క్షుణ్ణంగా చదివి, ‘మన కంపెనీ మీద పడే భారం ఇంత’ అని ఒక పేజీ నోటు రాసి మీ మేనేజర్‌కు ఇవ్వండి. ఒక్క పేజీ చాలు, అంకెలుండాలి.

అంకెలంటే జీతాలవే కానక్కర్లేదు. నేను తర్వాత అనంతపురం వైపు ఒక ప్లాంటు చూస్తున్నప్పుడు గైర్హాజరు మీద రోజూ గొడవే. ప్రొడక్షన్ వాళ్లు హెచ్‌ఆర్‌ను తిట్టడం, హెచ్‌ఆర్ సూపర్‌వైజర్లను తిట్టడం. మూడేళ్ల హాజరు తీసి తేదీలవారీగా గీస్తే ఎత్తుపల్లాలు స్పష్టంగా కనబడ్డాయి. వానలు పడగానే విత్తనం వేసే రోజులు, చెనక్కాయ పెరికే రోజులు, గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగ, కదిరి తేరు. పొలం ఉన్న కార్మికుడు ఆ రోజుల్లో మెమో ఇచ్చినా రాడు, నోటీసు ఇచ్చినా రాడు. మెషీన్ల వార్షిక మెయింటెనెన్సును చెనక్కాయ పెరికే కాలానికి జరిపాం. పండగలకు సెలవు ముందే పేర్లు రాసుకుని వంతులు వేశాం. పొలం లేని టౌను పిల్లలకు ఆ రోజుల్లో అదనపు షిఫ్టులు ఇచ్చాం. గొడవ చాలావరకు సద్దుమణిగింది. ఇది బెంగళూరు హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్లకు తట్టదు, మీకు తడుతుంది. మీరు ఇక్కడి మనిషి కావడం వల్ల వచ్చిన బలం అది. దాన్ని తక్కువగా చూడొద్దు.

ఎన్నేళ్లు? పెద్ద కంపెనీలో ఎండీకి రిపోర్ట్ చేసే స్థాయికి నేను చూసినవాళ్లలో చాలామంది 20 ఏళ్ల సర్వీసు దాటాకే వచ్చారు. మొదటి ఏడెనిమిదేళ్లు ఎగ్జిక్యూటివ్ నుంచి మేనేజర్ దాకా, చేత్తో పని నేర్చుకునే కాలం. తర్వాత ఏడెనిమిదేళ్లు ఒక ప్లాంటు మొత్తాన్నో, లేదా జీతభత్యాల వంటి ఒక విభాగం మొత్తాన్నో సొంతంగా నడపాలి. ఆ తర్వాత ఎక్కువ ప్లాంట్లు, కార్పొరేట్ ఆఫీసు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ప్లాంటు హెచ్‌ఆర్‌గా ఎంతో పేరున్నవాళ్లు జనరల్ మేనేజర్ దగ్గర నిలిచిపోవడానికి కారణం, కార్పొరేట్ పని ఎప్పుడూ ముట్టుకోకపోవడం. కార్పొరేట్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు ప్లాంటు గేటు దగ్గర తడబడతారు. రెండూ చేసినవాళ్లు తక్కువ, అందుకే వాళ్లకు గిరాకీ. మూడు నాలుగు వందల మంది ఉన్న చిన్న కంపెనీలో పన్నెండేళ్లకే డైరెక్టర్ అని కార్డు కొట్టించుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే పెద్ద కంపెనీకి మారేటప్పుడు మీ హోదాను అక్కడి మేనేజర్‌తో సమానంగా లెక్కేస్తారు.

చదువు. మన శ్రీకృష్ణదేవరాయ, యోగివేమన, రాయలసీమ యూనివర్సిటీల ఎంబీఏ, ఎంఎస్‌డబ్ల్యూతో పైకి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. డిగ్రీ మొదటి ఉద్యోగం దాకా మాట్లాడుతుంది. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వంటి చోట్ల హెచ్‌ఆర్ చదివితే పెద్ద కంపెనీల్లో మేనేజ్‌మెంట్ ట్రైనీగా నేరుగా దిగుతారు, మొదటి అయిదారేళ్లు కలిసొస్తాయి. అది నిజం. మీకు అప్పుచేసి రెండేళ్లు ఉద్యోగం వదిలేంత అవసరం నాకు కనబడలేదు. చదవాలనిపిస్తే మేనేజర్ అయ్యాక, ఉద్యోగం చేసుకుంటూ చదివే ఎగ్జిక్యూటివ్ కోర్సు వైపు చూడండి. ఈలోగా రెండు చేయండి: లేబర్ లా డిప్లొమా, ఫైనాన్స్ తెలియనివాళ్ల కోసం ఉండే అకౌంట్స్ కోర్సు. బ్యాలెన్స్ షీటు చదవడం రావాలి. చాలా కంపెనీల్లో కాంట్రాక్టు లేబర్ ఖర్చు ఉద్యోగుల ఖర్చు కింద కాకుండా ఇతర ఖర్చుల్లో ఉంటుంది. అది ఎక్కడుందో వెతికి పట్టుకోగలిగితేనే కంపెనీ మనుషుల మీద నిజంగా ఎంత ఖర్చుపెడుతోందో తెలుస్తుంది.

ప్రభుత్వరంగం మీద మనసుంటే యూజీసీ నెట్‌లో 55వ సబ్జెక్టు రాయండి. లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ అందులోవే. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు ఆ స్కోరుతో హెచ్‌ఆర్ ట్రైనీలను తీసుకున్నాయి. వయోపరిమితి ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

ఆడపిల్లకు ఈ లైను కుదురుతుందా అన్నది మీరు మొహమాటంగా, చివర్లో అడిగారు. కుదురుతుంది అమ్మా. కానీ ఒక ప్రమాదం ఉంది, అది నైట్ షిఫ్టు కాదు, బస్సు కాదు. పని పంచుకునే దగ్గర ఉంది. కొత్తవాళ్లకు ఇండక్షన్, పుట్టినరోజు కేకు, ఉమెన్స్ డే ముగ్గుల పోటీ ఆడవాళ్లకు, యూనియన్ చర్చలు, కాంట్రాక్టర్ల బిల్లులు, గేటు గొడవలు మగవాళ్లకు అని ఎవరూ నోటితో చెప్పకుండానే పంచేస్తారు. పదేళ్లు తిరిగేసరికి అతని చేతిలో కష్టమైన అనుభవం, మీ చేతిలో ఫొటోలు ఉంటాయి. డైరెక్టర్ ఇంటర్వ్యూలో ఫొటోలు అడగరు. నా టీముల్లో బాగా పైకి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలూ మొదట్లోనే నోరు తెరిచి కాంట్రాక్టు లేబర్ డెస్కు కావాలని అడిగినవాళ్లే.

హిందూపురం వైపు గార్మెంట్ యూనిట్లు చూడండి, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అక్కడ ఒక అమ్మాయి నెలకు రెండుసార్లు సోమవారం ఎందుకు రావడం లేదో మగ మేనేజర్‌కు చెప్పదు. మీకు చెబుతుంది. పసిపిల్లల్ని చూసుకునే క్రెష్, టాయిలెట్లు, బస్సు రూటు, సూపర్‌వైజర్ నోటి దురుసు, ఇవి సరిచేస్తే మనుషులు మానేయడం తగ్గుతుంది. అది నేరుగా డబ్బు. పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం ఇంటర్నల్ కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగే అధ్యక్షత వహించాలి. అందులో సభ్యురాలిగా చేరి విచారణ నివేదిక రాయడం నేర్చుకోండి. సాక్ష్యాన్ని తూచి చూసే అలవాటు అక్కడ వస్తుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. మీ ప్రశ్న చదివితే ఇంగ్లిషు గురించి టెన్షన్ ఉన్నట్టు అనిపించింది. బోర్డు గదిలో ఇంగ్లిషు కావాలి, అయితే ధారాళంగా మాట్లాడడం కన్నా తడబడకుండా రాయడం ముఖ్యం. వారానికో ఒక పేజీ నోటు రాసే అలవాటు చేసుకోండి: సమస్య ఏమిటి, ఖర్చెంత, దారులేమిటి, మీరు ఏది చేయమంటారు. హిందీ కూడా నేర్చుకోండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చే కాంట్రాక్టు కార్మికులతో మాట్లాడడానికే కాదు, రేపు మీరు పుణెలోనో గుజరాత్‌లోనో ప్లాంటు నడపాల్సి వస్తే అది లేకుండా కుదరదు.

ఇక బెంగళూరు. నేను బెంగళూరుకు వ్యతిరేకం కాదు, ఆ ఉద్యోగానికి వ్యతిరేకం. కన్సల్టెన్సీలో రోజంతా రెజ్యూమెలు వెతకడం, ఫోన్లు చేయడం, నెలాఖరు టార్గెట్. మూడేళ్లయ్యాక మిమ్మల్ని రిక్రూటర్ అనే అంటారు, అక్కడినుంచి ప్లాంటుకు గానీ జీతభత్యాల విభాగానికి గానీ తిరిగి రావడం కష్టం. అదే బెంగళూరులో తయారీ కంపెనీ హెడ్డాఫీసులో జీతభత్యాల విభాగంలోనో, ఒక వ్యాపార విభాగానికి హెచ్‌ఆర్ చూసే బిజినెస్ పార్ట్‌నర్‌గానో పిలుపు వస్తే రెండేళ్ల తర్వాత తప్పకుండా వెళ్లండి. అప్పుడు పెళ్లి, కుటుంబం, ఊరు మారడం అన్నీ కలిసి నిర్ణయించుకోవాలి. ఈ ఉద్యోగంలో రెండు మూడుసార్లు ఊరు మారక తప్పదని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పడం మంచిది.

జీతం సంగతి మీరు పక్కన పెట్టలేరని నాకు తెలుసు. తమ్ముడి చదువు మీ మీదే ఉందని రాశారు. అది నిజంగా గడవని పరిస్థితి అయితే వెళ్లండి, ఎవరూ తప్పుపట్టరు. కాస్త సర్దుకోగలిగితే మాత్రం ఈ నెలలోనే మీ మేనేజర్‌తో కూర్చోండి. ఆఫర్ లెటర్ చూపించి జీతం పెంచమని బేరం పెట్టకండి. కాంట్రాక్టు లేబర్ కంప్లయన్స్ (చట్టం ప్రకారం జరగాల్సిన పని) మొత్తం నాకు ఇవ్వండి, వచ్చే వార్షిక పెంపు లెక్కల్లో నన్నూ కూర్చోబెట్టండి అని అడగండి. రెండిట్లో ఒక్కటి దొరికినా ఉండిపోండి. రెండూ కాదంటే తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు సిమెంటు ప్లాంట్లలోనో, కొప్పర్తి, ఓర్వకల్లు వైపు వచ్చిన కొత్త యూనిట్లలోనో ప్లాంటు హెచ్‌ఆర్ పోస్టులు చూడండి. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే అడగండి: ఇక్కడ కాంట్రాక్టు కార్మికులు ఎంతమంది, వాళ్ల ఫైలు ఎవరు చూస్తారు, ఆ పని నాకిస్తారా?